ఈ లాప్‌టాప్‌కి ఐటీ డిపార్ట్‌మెంట్ నేనే

కొత్త ఫోన్ కొంటే నలుగురికీ చూపించుకోవచ్చు. కొత్త బైక్ కొంటే పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ తొక్కించి స్టేటస్ పెట్టుకోవచ్చు. బిజినెస్ లాప్‌టాప్ కొంటే మాత్రం కొన్నట్టు కూడా ఎవరికీ తెలీదు. నాది వచ్చి మూడు వారాలైంది. టేబుల్ మీద చూసి పక్క రూమ్ తమ్ముడు అడిగిన ప్రశ్న, "ఏంటన్నా, ఆఫీసోళ్లు లాప్‌టాప్ మార్చారా?" రూ.96 వేలు పోసి కొన్న వస్తువుకి నాకు దక్కిన మొదటి కాంప్లిమెంట్ అది.

అతని తప్పేం లేదు. నల్లగా, చదరంగా, బ్యాంక్ కౌంటర్ వెనక ఉండే యంత్రంలా ఉంటుంది. ఇదే డబ్బుకి గేమింగ్ లాప్‌టాప్ వస్తుంది, వినాయక చవితి పందిరిలా కీబోర్డు కింద రంగురంగుల లైట్లతో. లేదంటే అద్దంలా మెరిసే స్క్రీన్‌తో, కాగితమంత సన్నటి మోడల్ వస్తుంది. అవన్నీ చూసి కూడా దీన్నే ఎందుకు కొన్నానన్నదే ఈ వారం కబుర్లు.

నేను కొన్నది ఏ కంపెనీదో చెప్పను. ఇది యాడ్ కాదు. పైగా మోడల్ పేర్లు మీరు గుర్తుపెట్టుకునేలోపే మారిపోతుంటాయి. డెల్ వాళ్లయితే ఎన్నో ఏళ్లుగా ఉన్న లాటిట్యూడ్ అనే పేరునే 2025లో పక్కన పెట్టి డెల్ ప్రో అన్నారు. లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ఈ డెల్ ప్రో... ఈ కోవలో 14 అంగుళాల యంత్రం ఒకటి అనుకోండి, చాలు.

నాకు లాప్‌టాప్ కొత్త కాదు, సొంత లాప్‌టాప్ కొత్త. బీటెక్ రెండో ఏడాదిలో నాన్న కొనిచ్చినదానికి ఫైనల్ ఇయర్‌కల్లా హింజ్ విరిగింది. స్క్రీన్ వెనక డేటా స్ట్రక్చర్స్ టెక్స్ట్‌బుక్ ఆనించి ప్రాజెక్ట్ పూర్తి చేశాను. ఆ పుస్తకం నాకు ఎక్కువగా ఉపయోగపడింది అప్పుడే. ఆ తర్వాత ఉద్యోగం. ఆరేళ్లలో రెండు కంపెనీలు, మూడు లాప్‌టాప్‌లు, మూడూ వాళ్లవే. వెనక బార్‌కోడ్‌తో అసెట్ స్టిక్కర్. ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసుకోవాలంటే టికెట్ రెయిజ్ చేయాలి. పెన్‌డ్రైవ్ పెడితే బ్లాక్. వాల్‌పేపర్ కూడా కంపెనీ లోగోనే. రోజుకి పది గంటలు మన ఒళ్లో కూర్చునే వస్తువు మనది కాదన్న సంగతి మామూలు రోజుల్లో గుర్తుకు రాదు.

మా రూమ్మేట్‌కి అది ఒక గురువారం గుర్తొచ్చింది. పదకొండు గంటలకి హెచ్‌ఆర్ నుంచి మీటింగ్ ఇన్వైట్, పదిహేను నిమిషాల కాల్. కాల్ అయిపోయాక వంటింట్లోకెళ్లి టీ పెట్టుకుని వచ్చేసరికి సైన్ అవుట్ అయిపోయి ఉంది. పాస్‌వర్డ్ కొడితే తీసుకోదు. ఉద్యోగం పోవడం ఒక దెబ్బ. అందులో ఏమేం ఉండిపోయాయో లెక్కపెట్టుకోవడం రెండో దెబ్బ. రెజ్యూమె, నాలుగేళ్ల పేస్లిప్పులు, ఫామ్ 16లు, చెల్లెలి పెళ్లి ఫొటోలు. పేస్లిప్పులు డౌన్‌లోడ్ చేసే పోర్టల్‌కి కూడా అదే లాగిన్. తర్వాత హెచ్‌ఆర్‌కి మెయిల్ మీద మెయిల్ పెడితే పది రోజులకి పేస్లిప్పులొచ్చాయి. ఫొటోలు రాలేదు. రూల్ ప్రకారం వాళ్లు చేసింది తప్పు కాదు. యంత్రం వాళ్లది, అందులో ఉన్నది వాళ్ల డేటా. కానీ ఆ రాత్రి మావాడు రెజ్యూమెని ఫోన్‌లో రెండు బొటనవేళ్లతో మొదట్నుంచీ టైప్ చేస్తుంటే పక్క మంచం మీంచి చూశాను. లాప్‌టాప్ రేట్లు వెతకడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

నాన్నకి తెనాలిలో ఎరువుల షాపు. ఫోన్ చేసి చెప్తే, "కంపెనీ ఇచ్చింది ఉందిగా, మళ్లీ ఇంకోటెందుకురా?" అన్నారు. రూమ్మేట్ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేశారు, "స్పేర్లు దొరుకుతాయా?"

పాతికేళ్లుగా స్ప్రేయర్లు కూడా అమ్మే మనిషి ప్రశ్న అది. ఎన్ని లీటర్లు, ఎంత ప్రెషర్ అనేవి డబ్బా మీదే రాసి ఉంటాయి. సీజన్ మధ్యలో వాషర్ పోతే అది బజార్లో దొరుకుతుందా లేదా అన్నదే రైతు అడుగుతాడు. అప్పటికి నేను చూసిన రివ్యూల్లో ప్రాసెసర్ స్కోర్లు, గేమ్‌లో ఎన్ని ఫ్రేములు, మూత ఒంటి చేత్తో తెరుచుకుంటుందా లాంటివన్నీ ఉన్నాయి. స్పేర్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఈ నల్ల డబ్బాల వైపు నా చూపు తిరిగింది ఆ ప్రశ్న వల్లే.

అసలు బిజినెస్ లాప్‌టాప్ అంటే ఏంటి? ప్రాసెసర్ కంపెనీలు అవే, విండోస్ అదే. తేడా కొనేవాడి దగ్గరుంది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ తెచ్చింది. డిజైన్ చేసినాయన రిచర్డ్ శాపర్ అనే జర్మన్. జపాన్‌లో బెంటో అని నల్లటి భోజనం డబ్బా ఉంటుంది, పైకి సాదాగా ఉండి మూత తీస్తే లోపల అరలు, ఆ అరల్లో రకరకాల వంటకాలు. ఆయనకి ప్రేరణ అదే. ఇక ఆ పేరు కథ ఇంకా బాగుంటుంది. ఐబీఎం తన ఉద్యోగులకి జేబులో పెట్టుకునే చిన్న నోట్‌బుక్ ఇచ్చేది, దాని అట్ట మీద 'థింక్' అని ఉండేది. ఆ ప్యాడే థింక్‌ప్యాడ్ అయింది. కంపెనీ ఉద్యోగికి ఇచ్చే వస్తువు అన్న సంగతి పేరులోనే ఉందన్నమాట. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారాన్ని లెనోవో కొనేసింది, పేరు మాత్రం అలాగే ఉంది.

కాబట్టి ఇలాంటి లాప్‌టాప్‌కి అసలు కస్టమర్ దాన్ని వాడే మనిషి కాదు, ఆఫీసులో ఓ మూల గదిలో కూర్చునే ఐటీ మేనేజర్. ఒకేసారి వెయ్యి పీసులు ఆర్డర్ పెట్టే ఆయనకి రంగులతో పనిలేదు. ఒకటి చెడిపోతే అరగంటలో బాగవ్వాలి. ఎవడో కీబోర్డు మీద కాఫీ ఒలకబోస్తే బోర్డు కాలిపోకూడదు. మూడేళ్ల తర్వాత కూడా అదే బ్యాటరీ దొరకాలి. ఎయిర్‌పోర్ట్‌లో పోగొట్టుకుంటే దొరికినవాడికి డేటా దొరక్కూడదు. ఆయన కోసం తయారైనదాన్ని మనం ఒకటి కొనుక్కుంటే ఆ ఐటీ మేనేజర్ ఉద్యోగం కూడా మనమే చేసుకోవాలి. నా మూడు వారాల అనుభవం మొత్తం ఆ ఉద్యోగమే.

డెలివరీ అయిన రాత్రి ఆన్ చేసి, స్క్రీన్‌లో చుక్కలూ గీతలూ లేవని చూసుకుని, ఆపేసి, తిరగేసి స్క్రూడ్రైవర్ తీశాను. "ఒరేయ్, కొత్తదిరా!" అని మావాడు మంచం మీంచి లేచాడు. భయం అక్కర్లేదు. ఈ కోవ మోడల్స్‌కి సర్వీస్ మాన్యువల్ కంపెనీ సైట్‌లోనే ఉచితంగా ఉంటుంది. ఏ స్క్రూ ఎంత పొడవు, ఏ భాగం ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి, బొమ్మలతో సహా. డబ్బు కట్టకముందే ఆ పీడీఎఫ్ చదివాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మనమే మార్చుకోవచ్చని నా మోడల్ మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. కింది మూత స్క్రూలు వదులవుతాయి కానీ ఊడి కింద పడవు, మూతకే అంటుకుని ఉంటాయి. మంచం కింద టార్చ్ వేసి స్క్రూ వెతికిన అనుభవం ఉన్నవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. లోపల బ్యాటరీకి జిగురు లేదు, నాలుగు స్క్రూలు విప్పితే చేతికొచ్చేస్తుంది. ర్యామ్‌కి రెండు స్లాట్లు, ఒకటి ఖాళీ. నాన్నకి ఫొటో తీసి పంపితే, "బాగుంది, లోపల చోటుంది" అన్నారు.

ఆ ఖాళీ స్లాట్ గురించి ఒక్క మాట. ఇప్పుడు చాలా సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేస్తున్నారు. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ సిరీస్‌లో అయితే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. 16 జీబీయో 32 జీబీయో, కొన్న రోజు ఎంతో జీవితాంతం అంతే. బిజినెస్ మోడల్ అని పేరున్నంత మాత్రాన స్లాట్లు ఉంటాయన్న గ్యారంటీ లేదు. ఒకే కుటుంబంలో లావు అన్నకి ఉంటాయి, సన్న తమ్ముడికి ఉండవు. స్పెసిఫికేషన్ షీట్‌లో 'సోల్డర్డ్' అన్న మాట ఉందేమో వెతకండి. ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎలా ఎగిరాయో చూశాం కదా. ఇప్పుడు 16 జీబీతో సరిపెట్టుకుని, రేటు దిగినప్పుడు రెండోది వేసుకుంటాను. అది నా ఇష్టం అనుకోవడంలో ఒక చిన్న సుఖం ఉంది.

కీబోర్డు సంగతికొస్తే, ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఓర్చుకోండి. పొద్దస్తమానం టైప్ చేసేవాడికి లాప్‌టాప్ అంటే ముందు కీబోర్డే. దీని కీలు లోతుగా దిగుతాయి, నొక్కామని వేలికి తెలుస్తుంది. ఈ కాలమ్ దీని మీదే టైప్ చేస్తున్నాను, అదీ తెలుగులో. చాలామందికి తెలియని విషయం, తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచీ విండోస్‌లోనే ఉంది. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కింద తెలుగు చేర్చుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టుకోవచ్చు. ఆఫీస్ లాప్‌టాప్‌లో లాంగ్వేజ్ ప్యాక్ వేయమని టికెట్ పెడితే 'బిజినెస్ జస్టిఫికేషన్ రాయండి' అని తిప్పి పంపారు. అమ్మభాషకి బిజినెస్ జస్టిఫికేషన్ ఏం రాయాలో తోచక వదిలేశాను.

కొత్త కీబోర్డుకి చెయ్యి అలవాటు పడటానికి వారం పట్టింది. అందరికీ పడుతుంది. లెనోవో వాళ్లు థింక్‌ప్యాడ్‌లో ఎడమ చివరి మూల ఎఫ్‌ఎన్ కీ పెట్టి, కంట్రోల్‌ని దాని పక్కన ఉంచి ఏళ్ల తరబడి జనంతో తిట్లు తిన్నారు. చివరికి 2024 మోడల్స్‌లో కంట్రోల్‌ని మూలకి మార్చారు. అప్పుడు పాత పద్ధతికి అలవాటైనవాళ్లు తిట్టారు.

ఇక స్క్రీన్. ఇది బాగోలేదు. బాగోలేదంటే కోడ్‌కి బావుంటుంది, మెరుపు లేని మ్యాట్ కాబట్టి వెనక ట్యూబ్‌లైట్ కనపడదు, కళ్లు లాగవు. కానీ సినిమా పెడితే అందరూ జ్వరం వచ్చినట్టు కనిపిస్తారు. ఐపీఎల్ చూస్తే ఆరెంజ్ జెర్సీ ఉతికి ఉతికి వెలిసిపోయినట్టుంది. కారణం స్పెసిఫికేషన్ షీట్ మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని. అంటే రంగులు చూపించే శక్తి తక్కువన్నమాట. దీనికన్నా మెరుగైన ప్యానెల్ ఆప్షన్ ఉంది, రేటు ఎక్కువ. నేను ఆ డబ్బు వారంటీకి పెట్టాను. ఫొటో ఎడిటింగ్, వీడియోలు చేసేవాళ్లయితే ఈ ప్యానెల్ జోలికి వెళ్లకండి. స్పీకర్ల గురించి మాట్లాడటం దండగ. టీమ్స్ కాల్‌కి సరిపోతాయి, కీరవాణి పాటకి సరిపోవు.

'మిలిటరీ గ్రేడ్' అని కూడా రాసి ఉంటుంది అట్టపెట్టె మీద. ఇది విని మా రూమ్మేట్ బోర్డర్‌లో వాడతారా అన్నాడు. 810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ 2019లో విడుదల చేసిన పరీక్షా పద్ధతుల పుస్తకం. వేడి, దుమ్ము, తేమ, కుదుపులు, ఇలా చాలా పరీక్షలుంటాయి. అందులో ఏవేవి చేయించాలో తయారీదారే ఎంచుకుంటాడు. పాసైందని ముద్ర వేసే ప్రభుత్వ ఆఫీసంటూ ఏదీ లేదు. ఎంతోకొంత గట్టిదనం నిజమే, కానీ ఆ స్టిక్కర్ చూపించి, కింద పడి పగిలిన స్క్రీన్‌కి వారంటీ అడిగితే ఇవ్వరు. దానికి యాక్సిడెంటల్ డ్యామేజ్ కవర్ వేరే కొనాలి.

వారంటీ దగ్గరే నాకు డబ్బు గిట్టుబాటైంది అనిపించింది. మూడేళ్ల ఆన్‌సైట్. అంటే లాప్‌టాప్‌ని సంచిలో వేసుకుని సర్వీస్ సెంటర్ టోకెన్ లైన్లో నిలబడక్కర్లేదు, మనిషే పార్టు పట్టుకుని ఇంటికొస్తాడు. తెనాలికి కూడా వస్తారా అని కొనేముందు అడిగాను. వస్తారు, ఒకటి రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చన్నారు. ఆ మాట మెయిల్‌లో రాయించుకున్నాను. ఒక మెలిక ఉంది, మొత్తానికి మూడేళ్లన్నా బ్యాటరీకి మాత్రం చాలా కంపెనీలు ఒక్క ఏడాదే ఇస్తాయి. అందుకే మొదటి రోజే చార్జింగ్ లిమిట్ 80 శాతానికి పెట్టాను. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే లాప్‌టాప్‌లో బ్యాటరీ నూరు శాతం దగ్గర వేడిగా కూర్చుంటే త్వరగా ముసలిదవుతుంది. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే ఈ సెట్టింగ్ ఉంటుంది, వెతికి పెట్టుకోండి.

అడ్మిన్‌గా మొదటి రోజు ఇంకో పని పడింది. డిస్క్ ఎన్‌క్రిప్షన్. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంటుంది. ఆన్ చేస్తే లాప్‌టాప్ పోయినా లోపలి ఫైళ్లు ఎవరూ తీయలేరు. ఆ 'ఎవరూ'లో మనం కూడా ఉన్నాం. 48 అంకెల రికవరీ కీ ఒకటి ఇస్తుంది. ఎప్పుడైనా ఆ కీ అడిగినప్పుడు మన దగ్గర లేకపోతే కథ ముగిసినట్టే. ఆఫీసులో అయితే ఆ కీ ఐటీ వాళ్ల దగ్గరుంటుంది. ఇక్కడ ఐటీ వాళ్లంటే నేనే కదా. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఒకటి సేవ్ చేశాను, కాగితం మీద ప్రింట్ తీసిందాన్ని ఇంటికెళ్లినప్పుడు అమ్మకిచ్చాను. అమ్మ దాన్ని బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల కింద పెట్టి, "ఇదేంటి, లాటరీ నంబరా?" అని అడిగింది. ఫొటోలూ కాగితాలూ వేరే హార్డ్‌డిస్క్‌లో కూడా ఉన్నాయి. రూమ్మేట్‌ని చూశాక ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

సొంత లాప్‌టాప్ వచ్చింది కదా అని ఆఫీస్ పని ఇందులో చేయను, సొంత పని అందులో చేయను. మీ అపాయింట్‌మెంట్ కాగితాలు ఒకసారి తీసి చదవండి. కంపెనీ పరికరాల మీద చేసిన పని కంపెనీదే అనే క్లాజ్ చాలావాటిలో ఉంటుంది. నాన్న షాపు అరువు ఖాతాలు ఇప్పటికీ ఎర్ర అట్ట పుస్తకంలో ఉన్నాయి. వాటికో చిన్న యాప్ రాయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను, మొన్న ఆదివారం మొదలైంది. నాన్న అడిగిన మొదటి ఫీచర్, ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో ఆయన తప్ప ఇంకెవరూ చూడకూడదు.

ఇదంతా చదివి, 96 వేలు ఎక్కడ తెచ్చేది అంటున్నారా? మా రూమ్మేట్ కూడా అదే అన్నాడు. ఉద్యోగం లేనివాడు ఈఎంఐకి వెళ్లలేడు. కానీ ఈ నల్ల డబ్బాలతో ఒక సౌకర్యం ఉంది. కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి వీటిని మార్చేస్తాయి, ఆ పాతవన్నీ శుభ్రం చేసి మార్కెట్లోకి వస్తాయి. పోయిన శనివారం ఇద్దరం సికింద్రాబాద్‌లో సీటీసీకి వెళ్లాం, అదే, చెనాయ్ ట్రేడ్ సెంటర్. వెళ్లేముందు చూసుకోవాల్సినవి మెట్రోలోనే చెప్పుకున్నాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది, విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే అర్హత. కాబట్టి అంతకన్నా పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. బయాస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడగకూడదు. బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీకీ ఇప్పుడు ఎక్కుతున్నదానికీ తేడా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, విండోస్ కొత్తగా వేయించి, మన ఫోన్ హాట్‌స్పాట్ కనెక్ట్ చేసి సెటప్ నడపాలి. పాత యజమాని కంపెనీ ఆ యంత్రాన్ని తన లిస్టులోంచి తీయకపోతే నెట్ తగలగానే బయటపడుతుంది.

మూడో షాపులో ఒకటి నచ్చింది. పదకొండో జనరేషన్ ఐ5, 16 జీబీ, రూ.27 వేలు. మూత మీద గీతలు తప్ప అన్నీ బాగున్నాయి. హాట్‌స్పాట్ కలపగానే ఎవరిదో కంపెనీ పేరుతో స్వాగతం పలికి, ఆఫీస్ మెయిల్‌తో లాగిన్ అవ్వమంది. "అదేం కాదు సార్, నెట్ లేకుండా సెటప్ చేస్తే పోతుంది" అన్నాడు షాపతను. మావాడు ఆ స్క్రీన్ వైపు కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా మూత వేసి, "వద్దులెండి" అని లేచాడు.

నాలుగో షాపులో అలాంటిదే ఇంకోటి, రూ.29,500. హాట్‌స్పాట్ కలిపాం. ఏ కంపెనీ పేరూ రాలేదు. ఇది మీ సొంతానికా, ఆఫీసుకా అని రెండు ఆప్షన్లు చూపించింది. మావాడు నా వైపు ఓసారి చూసి మొదటిది నొక్కాడు.